ఎడ్ల కొట్టంలో లేత్ మిషిన్

ఆ రోజుల్లో నా దగ్గర ఒక డిగ్రీ ఉండేది. (ఆ రోజుల్లో అంటే మరీ తాతలనాటి ముచ్చటేం కాదు, ఆరేడేళ్ల కిందటిదే. కానీ మనిషి తన తెలివితక్కువతనాన్ని ఎంత దూరం నెట్టి చూసుకుంటే అంత హాయిగా ఉంటుంది కాబట్టి అలాగే అంటాను.) డిగ్రీ ఇప్పుడూ ఉంది, కాకపోతే బీరువాలో ఉంది. అప్పుడు మాత్రం నాతోపాటే తిరిగేది. మా ఇంట్లో గానీ, అటు నాలుగిళ్లు ఇటు నాలుగిళ్లలో గానీ, బాపు తరఫున, అవ్వ (అంటే మా అమ్మే) తరఫున ఎంత వెతికినా గానీ, కాలేజీ మెట్లెక్కి పట్టా చేత పట్టుకుని దిగిన మొదటి మనిషిని నేనే. మెకానికల్ ఇంజినీరింగ్! ఈ వార్త చెప్పకుండా నేను ఎవరినీ వదల్లేదు. హన్మకొండ నుంచి మా హసన్‌పర్తి వైపు వచ్చే బస్సులో కండక్టర్ టికెట్ చింపేలోపల చెప్పేశాను. జుట్టు కత్తిరించే అన్న నా తల వంచితే, నేల వైపు చూస్తూ చెప్పాను. లోను కావాలా సార్ అని ఎక్కడినుంచో ఫోన్ చేసిన అమ్మాయికి కూడా చెప్పాను. ఆమె "కంగ్రాచులేషన్స్ సార్" అంది. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు, సంతోషంతో.

నిజానికి ఆ పట్టాలో లోపల ఏముందో నాకొక్కడికే తెలుసు. మా కాలేజీ వర్క్‌షాప్‌లో నాలుగు లేత్ మిషిన్లు ఉండేవి. ఇనుప కడ్డీని గిరగిరా తిప్పుతూ, పక్కనుంచి పదునైన పనిముట్టు ఆనించి, కావలసిన మందానికి చెక్కే మిషిన్ అది. ఆ నాలుగింట్లో మూడింటి మీద గుడ్డలు కప్పి ఉండేవి. నాలుగోది తిరిగేది, దాని చుట్టూ అరవై మందిమి నిలబడేవాళ్లం. ఒక్కొక్కరికి హ్యాండిల్ పట్టుకునే భాగ్యం ఐదు నిమిషాలు. నా ఐదు నిమిషాల్లో మూడు నిమిషాలు కరెంటు పోయింది. మిగిలిన ఆ రెండు నిమిషాల్లోనే నేను లేత్‌తో ప్రేమలో పడ్డాను. ఇనుము వెన్నలాగా, చుట్టలు చుట్టలుగా ఊడి పడుతుంటే, నా బతుకంతా ఇదే చేస్తూ ఉండాలనిపించింది.

కానీ చేతికొచ్చిన కొలువు వేరే. హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని, ఎవరో పంపిన బిల్లుల్లో తప్పులు వెతకాలి. నెలన్నర తర్వాత ఒక సోమవారం చేరమని ఉత్తరం వచ్చింది. నేను మాత్రం ఇంటి దగ్గరే సొంతంగా లేత్ పెట్టుకుంటానన్నాను. ఆ ఏడే బాపు ఎడ్లను అమ్మేశాడు. చుట్టుపక్కల దుక్కులన్నీ ట్రాక్టర్లే దున్నుతుంటే, రెండెడ్లను ఉత్తగా మేపడం ఆయన వల్ల కాలేదు. అయినా పొద్దున్నే లేచి, అలవాటుగా పోయి ఆ ఖాళీ కొట్టంలో కూర్చునేవాడు. నేను అడగాల్సిన చోటు కూడా అదే అయింది.

"కొలువు ఇడిసిపెట్టి ఇనుపకట్టెలు దిప్పుతా అంటవా?" అన్నాడు బాపు.

"తిప్పుడు గాదు బాపూ, అది ఇంజినీరింగ్."

బాపు ఎడ్లను కట్టేసే ఆ ఖాళీ గాటిపాటల వైపు చూశాడు. "సరె. ఎడ్లమ్మిన పైసలున్నయ్, కొట్టం ఉన్నది. మిషిన్ దెచ్చుకో. సోమవారం లోపట ఊళ్లె ఎవడన్న ఒకడు నీతోని పని జేయించుకొని బాగుందన్నడనుకో, ఉండు. లేదనుకో, మాట్లాడకుంట బస్సెక్కు" అన్నాడు. నేను ఎగిరి గంతేశాను. ఒక్క మనిషి, ఒక్క మాట! నాలుగేళ్లు ఇంజినీరింగ్ చదివినవాడికి అదేం లెక్క?

మరునాడే వరంగల్‌లో పాత మిషిన్లమ్మే సేటు దగ్గరికి బయలుదేరాం. నా చేతిలో ఒక నోటుబుక్కు, అందులో మూడు పేజీల ప్రశ్నలు. బాపు భుజం మీద తువ్వాల తప్ప చేతిలో ఏమీ లేదు. షెడ్డులో వరసగా పది మిషిన్ల దాకా ఉన్నాయి. గుమ్మంలోనే ఒకటి, కొత్తగా పచ్చరంగు వేసుకుని తళతళలాడుతోంది. నా కాళ్లు దాని దగ్గరే ఆగిపోయాయి.

"రా అన్నా, గీ మిషిన్ జూడు, పెండ్లిపిల్ల లెక్కుంది" అన్నాడు సేటు.

నేను గొంతు సవరించుకుని మొదటి ప్రశ్న వేశాను. "స్పిండిల్ రనౌట్ ఎంతుంటది?"

"ఫుల్లుంటది సార్! ఫికర్ జేయకుండ్రి."

(రనౌట్ అంటే తిరిగేటప్పుడు ఉండే వంకర. అది ఎంత తక్కువుంటే అంత మంచిది. కానీ అంత ధైర్యంగా జవాబు చెప్పిన మనిషిని అనుమానించడం మర్యాద కాదని, నోటుబుక్కులో టిక్కు పెట్టుకున్నాను.)

బాపు అడిగిన ప్రశ్నలు వేరు. "ఇది ఎవల దగ్గరుండె? ఏం పని జేసొచ్చింది? మంచిదైతే ఎందుకమ్ముకున్నరు?"

సేటు తెల్లబోయి నా వైపు చూశాడు. నాకు తల కొట్టేసినట్టయింది. "బాపూ, ఇది ఎద్దు గాదు" అని చెవిలో చెప్పాను.

"ఎరికేరా. ఎద్దయితే మొదలు తోక వట్టి జూద్దును" అని, తువ్వాలతో చేయి తుడుచుకుని ముందుకు వంగాడు. మిషిన్ వెన్నుపూసలాంటిది బెడ్, అంటే పనిముట్టు అటూ ఇటూ జరిగే పొడుగాటి ఇనుప పట్టాలు. బాపు ఆ పట్టాల మీద అరచేయి ఆనించి, ఆ చివర నుంచి ఈ చివరకు నెమ్మదిగా జరుపుకుంటూ వచ్చాడు. కడ్డీని పట్టుకునే చక్ దగ్గరికి రాగానే చేయి ఆగింది. "ఈడ లోతు వడ్డది. కాడి కింద మెడ అరిగిన తీరు. మస్తు గుంజిపిచ్చిన్రు దీనితోని" అన్నాడు. తర్వాత మిషిన్ ఆన్ చేయించి, "జర చాయ్ దాగొస్తం, నడవనియ్యి" అని బయటికి పోయాడు.

ఎదురుగా ఒక చిన్న లేత్ షాపు ఉంది. అందులో తెల్లగడ్డం చాచా ఒకాయన పని చేసుకుంటున్నాడు. నలభై ఏళ్లుగా ఖరాదు పని, అంటే ఈ లేత్ పనే, చేస్తున్న మనిషి. బాపు ఆయనతో కలిసి చాయ్ తాగుతూ వానల గురించి, పత్తి గురించి మాట్లాడుతూ కూర్చుంటే, నేను గుమ్మంలో నిలబడి నోటుబుక్కు తిప్పుకుంటూ ఉన్నాను. అరగంట తర్వాత తిరిగొచ్చి, జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు మిషిన్ తలకాయ మీద చేయి పెట్టి, బాపు చటుక్కున తీసేశాడు. "మసులుతాంది. కొమ్ములకు రంగేసి అంగడికి దెచ్చిన ఎద్దు ఇది. ఇంకోటి జూపియ్యి సేటూ."

ఆయన కన్ను మూలన తుప్పు రంగులో పడున్న ఒకదాని మీద పడింది. ఎంత అసహ్యంగా ఉందంటే, దాని ఒంటినిండా పేర్లు గీకి ఉన్నాయి. ఒకచోట బాణం గుచ్చుకున్న గుండెకాయ కూడా ఉంది. బాపు మళ్లీ అరచేయి జరిపాడు, ఎక్కడా ఆగలేదు. అరగంట నడిపించాడు, చల్లగానే ఉంది. "ఇది ఎక్కడిది?" అని అడిగితే సేటు కొంచెం సిగ్గుపడుతూ చెప్పాడు. "ఏదో ఇంజినీరింగ్ కాలేజీదన్నా. ఇరవై ఏండ్లున్నదట గని, పిల్లలు ముట్టుకున్న పాపాన పోలే."

నాలాంటి వాళ్లు చదువుకోబట్టే ఆ మిషిన్ అంత బాగుందన్నమాట. బాపు దాన్నే కొన్నాడు. నేను దారిపొడుగునా మొహం ముడుచుకుని, మనసులో ఆ పచ్చ మిషిన్‌నే తలుచుకుంటూ వచ్చాను.

ఇక దాన్ని దించేలోపల కొట్టాన్ని సిద్ధం చేయాలి. అంత బరువుకు మట్టినేల ఆగదు కదా. నేను రెండు రోజులు కూర్చుని పునాది డ్రాయింగ్ గీశాను. కాంక్రీట్ ఎంత మందం, అందులో చువ్వలు ఎలా, బోల్టులు ఎంత లోతు, అన్నీ రాశాను. మా ఊరి మేస్త్రి దాన్ని తలకిందులుగా పట్టుకుని గౌరవంగా చూసి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "సదువుకున్నోనివి, ఎండలెందుకు పిల్లగా? నువ్వు లోపటికి పో, నేను జూసుకుంట" అన్నాడు. నేను లోపలికి పోయాను. సాయంత్రానికి నేల అద్దంలాగా నున్నగా తయారైంది. చువ్వలున్నాయి, బోల్టులున్నాయి, మందం ఉంది. నా డ్రాయింగ్‌లో ఒక్క ముక్క మాత్రం రాయలేదు, నేల సమానంగా ఉండాలని. ఎందుకంటే మా పుస్తకాల్లో నేల అంటే స్కేలు పెట్టి గీసిన ఒక గీత. కింద చిన్న చిన్న ఏటవాలు గీతలు ఉంటాయి. ఆ గీత వంకరగా ఉండడం నేను నాలుగేళ్లలో ఒక్కసారి కూడా చూడలేదు.

మిషిన్ వచ్చిన రోజు మా ఇంటి ముందు జాతరే. కేసముద్రం మార్కెట్లో హమాలీ చేసే మా మేనమామ, తన జోడీలను నలుగురిని తీసుకొచ్చాడు. ట్రాక్టర్ ట్రాలీ నుంచి దుంగల మీదికి, దుంగల మీద నుంచి కొట్టంలోకి, గడ్డపారలతో ఎగదోస్తూ, ఒకరు పాట అందుకుంటే నలుగురు వంత పాడుతూ జరిపారు. నేను ముందు నడుస్తూ "సెంటర్ ఆఫ్ గ్రావిటీ జూసుకోండి! తలకాయ దిక్కు బరువుంటది!" అని అరుస్తున్నాను. "అల్లుడా, నువ్వు పక్కకు జరుగు, నీ కాలు మీద వడ్తదది" అన్నాడు మామ. వాడలో వాళ్లందరికీ తలో అనుమానం. ఒకరు చెరుకురసం మిషినా అన్నారు, ఇంకొకరు బోరు వేసేదా అన్నారు. అందరికీ ఓపికగా, వరసగా, మొదటి నుంచీ చెప్పాను. నేను సగంలో ఉండగానే ఎవరో ఒకరు "మా బర్రె ఇడిసిపెట్టొచ్చిన" అని వెళ్లిపోయేవారు.

అవ్వ మిషిన్‌కు పసుపు పూసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. చక్‌కు దారంతో నిమ్మకాయలు కట్టబోతుంటే నేనే ఆపాను. (తిప్పితే ఆ నిమ్మకాయలు తుపాకీ గుండ్లలాగా పోతాయి.) తర్వాత నేనూ మామా కలిసి, పాన చివర పొడుగు పైపు తొడిగి, నాలుగు మూలల బోల్టులనూ మా బలం కొద్దీ బిగించాం. మామ పైపు మీద ఎక్కి నిలబడ్డాడు కూడా. మిషిన్ ఇక భూమిలో భాగమైపోయిందని, నా మొదటి ఇంజినీరింగ్ పని ముగిసిందని ఫోటో తీసి, ఫోన్లో ఉన్నవాళ్లందరికీ పంపాను.

ఈ కొనడాలు, పోయడాలు, కాంక్రీట్ ఆరడాలు అయ్యేసరికి నెల పైనే గడిచింది. సోమవారానికి ఇంకా వారం ఉందనగా అదృష్టం తలుపు తట్టింది. మా ఊరి గిర్ని, అంటే పిండిమర, ఆగిపోయింది. అది కారం పట్టించే కాలం. మిరపకాయలు ఎండబెట్టి, తొడిమలు తీసి, ఆడవాళ్లందరూ డబ్బాలతో గిర్ని ముందు వరస కట్టిన రోజుల్లో దాని లోపల తిరిగే షాఫ్ట్, అంటే ఇనుప ఇరుసు, అరిగి విరిగింది. గిర్ని నడిపే మామను ఊరంతా గిర్నిమామ అనే పిలుస్తారు. మాట్లాడితే నోరు అరుగుతుందన్నట్టుండే మనిషి. రెండున్నర అడుగుల కొత్త కడ్డీ, విరిగిన పాత షాఫ్టు తెచ్చి నా ముందు పడేసి, "ఇట్లాంటిదే" అన్నాడు. అంతే.

ఆ షాఫ్టుకు అటు చివర ఒక బేరింగు, ఇటు చివర ఒక బేరింగు ఎక్కాలి. రెండు చివర్లూ ఒకే మందం ఉండాలి. నేను కళ్లద్దాలు పెట్టుకుని, బాపును, అవ్వను, ఆసక్తి ఉన్న మరో పదిమందిని నిలబెట్టి, వివరిస్తూ చెక్కడం మొదలుపెట్టాను. ఇనుప చుట్టలు ఊడి పడుతున్నాయి, నా మాటలూ అలాగే. చివరికి మైక్రోమీటర్ పెట్టి కొలిస్తే అటు చివర సరిగ్గా ఉంది, ఇటు చివర నాలుగు వెంట్రుకల మందం తేడా. మళ్లీ చెక్కాను. ఈసారి ఇటు సరిపోయింది, అటు బేరింగు వదులై గాజులాగా ఆడింది. వెనకవైపు కడ్డీని ఆపి ఉంచే టెయిల్ స్టాక్‌ను అటు జరిపాను, ఇటు జరిపాను. చివర సరిచేస్తే నడుమ పాడైంది. మూడు రోజులు అదే పని. గురువారం నాటికి ఆ కడ్డీ సన్నబడి సన్నబడి, గిర్నికి కాదు, కవ్వానికి పనికొచ్చేలా తయారైంది. గిర్నిమామ ఇంకో కడ్డీ తెచ్చి, "ఇదే ఆఖరుది" అన్నాడు.

శుక్రవారం ఆ రెండోదాని మీద ఒక పొర తీసి కొలిచాను. మళ్లీ అదే తేడా. చుట్టూ డబ్బాలతో ఆడవాళ్లు.

"ఇంజినీరు బిడ్డా, మా మిరపకాయలు మొలకలొచ్చేటట్టున్నయ్" అంది పక్కింటి చిన్నమ్మ. అందరూ నవ్వారు.

నాకు ఎక్కడో కాలింది. మిషిన్ మీద అరవలేను, నా మీద నేను అరుచుకునే అలవాటు అప్పటికింకా లేదు. బాపు కనిపించాడు. "అంత నీ వల్లనే బాపూ! అంగట్ల ఎద్దును గొన్నట్టు చెయ్యి వెట్టి కొంటివి. ఆ పచ్చ మిషిన్ గొంటె గిట్లయితుండెనా? నీకేం తెలుసని కొన్నవ్?"

బాపు భుజం మీద తువ్వాల తీసి, ఒకసారి దులిపి, మళ్లీ భుజం మీద వేసుకుని బయటికి నడిచాడు. అవ్వ మెల్లగా, అందరికీ వినపడేలా, "నాలుగేండ్లు గిదే నేర్పిన్రా నీకు?" అంది. చిన్నమ్మ కూడా నవ్వడం మానేసి డబ్బా ఎత్తుకుని పోయింది. ఆ మాటల తర్వాత ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడలేదు. నా సంచి మాత్రం సర్దడం మొదలైంది. అవ్వ అందులో బట్టలు పెట్టింది, పచ్చడి సీసాలు పెట్టింది. కారప్పొడి ఒక్కటే పోయినేటిది పెట్టింది, ఈ ఏటిది పట్టించలేదు కాబట్టి. ఎందుకు పట్టించలేదన్న మాట ఇద్దరమూ ఎత్తలేదు.

శనివారం పొద్దున లేచేసరికి బాపు మోటర్‌బండి లేదు. పది గంటలకు తిరిగొచ్చింది. వెనక సీటు మీద, ఒళ్లో గుడ్డ చుట్టిన చెక్కపెట్టెను పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని, సేటు షెడ్డుకు ఎదురుషాపు చాచా కూర్చుని ఉన్నాడు. బాపు నా మొహం చూడకుండా ఆయన్ని కొట్టంలోకి తీసుకొచ్చాడు.

"ఏం బిడ్డా, ఇంజినీరువా?" అన్నాడు చాచా.

"అవు చాచా, మెకానికల్. ఫస్ట్ క్లాస్" అన్నాను. (ఆ పరిస్థితిలో కూడా ఆపుకోలేకపోయాను.)

"మంచిగైంది. ఒక చెంబు మంచినీళ్లు తెప్పియ్యి."

అవ్వ చెంబు తెచ్చిచ్చింది. చాచా సగం తాగాడు. మిగిలిన సగాన్ని, మిషిన్ కాలు దగ్గర, నేల మీద మెల్లగా పోశాడు. నీళ్లు ఒక్క క్షణం ఆలోచించాయి. తర్వాత దారి తెలిసినట్టు, మిషిన్ కింది నుంచి పాకుతూ, కొంచెం మలుపు తిరిగి, తిన్నగా ఈశాన్యం మూలకు పోయి, అక్కడున్న తూములో నుంచి బయటికి దిగిపోయాయి.

"సూడు, ఎంత సక్కగ పోతానయో! ఒక్క సుక్క నిలవది" అంది అవ్వ సంబరంగా. "కడిగిన నీళ్లు ఈశాన్యానికి పోవాలె అని నేనే జెప్పిన మేస్త్రికి."

చాచా నవ్వు ఆపుకుంటూ, "అక్కా, మేస్త్రి మంచి పనోడు. నువ్వు జెప్పకున్నా వాటం అట్లనే ఇస్తుండె" అన్నాడు.

మా వైపు ఏ మేస్త్రిని అడిగినా అంతే. అరుగైనా, వాకిలైనా, వంటిల్లైనా నాలుగు దిక్కుల నుంచీ ఈశాన్యానికి వాలేలా వాటం ఇవ్వందే ఆయన చేతికి నిద్ర పట్టదు. అలా మెలిక తిరిగి మూలకు వాలిన నేల మీద నాలుగు కాళ్లలో ఒకటి గాల్లో ఉంటుంది. దాన్నే నేనూ మేనమామా పైపు వేసి, పైకెక్కి, బలవంతంగా నేలకు దించాం. చాచా నా చేతికి పాన ఇచ్చి బోల్టులు వదులు చేయమన్నాడు. మూడోది వదులు చేస్తుంటే ఆ కాలు 'టక్'మని పైకి లేచింది. ఆ సందులో అవ్వ తన కొంగుముడిలోని రూపాయి బిళ్లను దూర్చి చూసింది. దూరింది.

"మిషిన్‌కు ఏం రోగం లేదు బిడ్డా" అన్నాడు చాచా. "మనిషిని వంకర మంచం మీద తాళ్లతోని గట్టిగ కట్టేస్తె నడుము మెలిక వడ్తది గద. దీని నడుము గూడ గట్లనే పడ్డది. నడుము మెలికవడ్డది సక్కగెట్ల చెక్కుతది? మీ బాపు మంచిదే కొన్నడు."

ఆ ఆఖరి మాట నాకు చెబుతూ ఆయన నా వైపు చూడలేదు. బాపు గుమ్మంలో నిలబడి, బయట ఎవరో పిలిచినట్టు అటు తిరిగాడు. నాకు ఆ తూములోంచి నీళ్లతోపాటు నేనూ దిగిపోతే బాగుండుననిపించింది.

చాచా తను పని చేయలేదు. "నేను జేస్తె, నేను వొయినంక మల్ల పిలుస్తవ్" అని నాతోనే చేయించాడు. చెక్కపెట్టెలో నుంచి ఒక రసమట్టం తీశాడు. మేస్త్రీలు వాడేది కాదు, అంతకు పదింతలు సూటిగా చూసేది. అందులో నీటి బుడగ, ఎవరైనా పక్కన నడిచినా కదిలేది. దాన్ని పట్టాల మీద అడ్డంగా, ఒకసారి చక్ దగ్గర, ఒకసారి ఆ చివర పెట్టాలి. రెండు చోట్లా బుడగ ఒకే చోట నిలబడాలి. కాలి కింద రేకు ముక్క పెట్టు, బోల్టు బిగించు, చూడు. మళ్లీ విప్పు, ఇంకో రేకు పెట్టు, చూడు. రేకుల కోసం అవ్వ నూనె డబ్బానొకదాన్ని త్యాగం చేసింది. బుడగ నిలబడిందనుకున్న ప్రతిసారీ అవ్వ "అయిందా?" అంటూ లోపలికొచ్చేది, అది మళ్లీ పారిపోయేది. "అక్కా, జరసేపు నువ్వు మీ ఈశాన్యం మూలకు నిలబడు" అని చాచా బతిమాలాడు. మధ్యలో నేను బుడగ ఎందుకు కదులుతుందో, దాని వెనకున్న సూత్రం ఏమిటో ఆయనకు చెప్పడం మొదలుపెట్టాను. ఆయన ఎంతో మర్యాదగా అంతా విని, "మాషా అల్లా. ఇగ ఆ కుడికాలు పావు తిప్పు విప్పు" అన్నాడు.

సాయంత్రం అసర్ నమాజు వేళకు బుడగ రెండు చోట్లా ఒకేలా కూర్చుంది. ఒక తుక్కు కడ్డీ చెక్కి చూశాం. అటు చివర మైక్రోమీటర్ ఎంత చూపిందో, ఇటు చివరా అంతే. నాకు నమ్మబుద్ధి కాక ఐదుసార్లు కొలిచాను. ఆరోసారి చాచా మైక్రోమీటర్ లాక్కుని పెట్టెలో పెట్టేశాడు. తర్వాత గిర్నిమామ ఇచ్చిన ఆఖరి కడ్డీని బిగించాను. ఈసారి ఎవరినీ పిలవలేదు, ఏమీ వివరించలేదు. చీకటి పడేలోపల రెండు బేరింగులూ, సబ్బు రాసిన చేతికి గాజు ఎక్కినట్టు, మెత్తగా ఎక్కి కూర్చున్నాయి.

ఆదివారం పొద్దున గిర్ని తిరిగింది. ఊరంతా ఒకటే తుమ్ములు. ఆడవాళ్లు ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకుని, కళ్లనీళ్లతో నవ్వుతున్నారు. నేను గిర్నిమామ పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాను. బాపు పెట్టిన షరతు ఊరందరికీ తెలుసు. బాగుందన్న మాట గిర్నిమామ నోటి నుంచి రావాలి.

"ఎట్లుంది మామా?" అన్నాను.

"తిరుగుతాంది."

"తిరుగుతాంది సరే. ఎట్ల తిరుగుతాంది?"

"గుండ్రంగ."

"ఒక్క మాట బాగుందనరాదు మామా, పిల్లగాని బతుకు బస్సు మీదున్నది!" అంది చిన్నమ్మ, ఒక తుమ్ము తర్వాత. నలుగురైదుగురు అందుకున్నారు. ఆయనను ఎంత కదిపినా లాభం లేదు. ఆయన పెండ్లి రోజున పెండ్లాం ఎట్లుందని అడిగినా "ఉంది" అన్నాడట. మధ్యాహ్నం దాకా అలాగే నిలబడ్డాను. చివరికి చేసేదేమీ లేక ఇంటికొచ్చి, సంచి గుమ్మం దగ్గర పెట్టుకున్నాను. అవ్వ అన్నం పెట్టింది, తినలేకపోయాను. బాపు అరుగు మీద కూర్చుని రోడ్డు వైపు చూస్తున్నాడు.

నాలుగు గంటలప్పుడు గిర్నిమామ వచ్చాడు. భుజం మీద గోనెసంచి. దాన్ని అరుగు మీద గుమ్మరిస్తే అరిగిన పుల్లీ ఒకటి, విరిగిన ఇరుసు ఒకటి, ఇంకేవో నాలుగు ఇనుపముక్కలు దొర్లాయి. "ఇవి గూడ జూడు" అన్నాడు నాతో. మళ్లీ ఒక మాట ఎక్కువైందేమో అన్నట్టు గబగబా వెళ్లిపోయాడు.

బాపు ఆ ముక్కల వైపు చూశాడు, నా వైపు చూశాడు. రెండు రోజుల తర్వాత మొదటిసారి నాతో మాట్లాడాడు. "సంచి ఇప్పెయ్."

అదే రోజు హైదరాబాద్ ఆఫీసుకు రానని మెయిల్ రాశాను. అది కూడా రెండు పేజీలు, లేత్ మిషిన్ అంటే ఏమిటో మొదటి నుంచీ వివరిస్తూ. వాళ్లు మరునాడు ఒక్క వాక్యంలో జవాబిచ్చారు. అది చదువుతూ కొట్టంలోకి పోతే బాపు మిషిన్ ముందు నిలబడి ఉన్నాడు. ఏదో చెప్పాలని నోరు తెరిచాను. శుక్రవారం నేనన్న మాట గుర్తొచ్చింది. "బాపూ, ఆ రోజు నేను..."

"ఆ హ్యాండిల్ జర నన్ను దిప్పనియ్యిరా" అన్నాడు బాపు.

ఒక తుక్కు కడ్డీ బిగించి, ఆన్ చేసి, ఆయన చేతిని హ్యాండిల్ మీద పెట్టాను. ఆయన తిప్పాడు. పనిముట్టు ఇనుముకు ఆనింది. నీలం రంగు చుట్ట ఒకటి మెల్లగా పైకి లేచి, ఆయన మోచేతి దాకా వచ్చి తెగి పడింది. మిషిన్ ఎంత వేగంతో తిరగాలో, పొర ఎంత మందం తీయాలో, దాని లెక్క ఏమిటో నేను చెప్పడం మొదలుపెట్టేశాను, అలవాటు కొద్దీ.

"నువ్వు జరసేపు మాట్లాడకు" అన్నాడు బాపు, దాని చప్పుడు వింటూ. ఆయన మొహంలో నవ్వు కనిపించింది. నేను మాట్లాడకుండా పక్కన నిలబడ్డాను. నా జీవితంలో అది చాలా పెద్ద పని.

ఇప్పుడు మా కొట్టంలో రెండు మిషిన్లున్నాయి. కొత్తగా మిషిన్ పెట్టుకునే వాళ్లు రఘునాథపల్లి నుంచి కూడా నన్ను పిలిచి లెవల్ చేయించుకుంటారు. పోయి, నీళ్లడిగి, సగం తాగి, సగం నేల మీద పోసి, పని చేసి వచ్చేస్తాను. పెద్దగా మాట్లాడను. మనుషులు అది నా అనుభవం అనుకుంటారు. ఒక్కోసారి మాత్రం, బుడగ కుదురుకునే దాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నప్పుడు, నోటుబుక్కు పట్టుకుని, కళ్లద్దాలు సవరించుకుంటూ, ఆరేడేళ్ల కిందటి ఆ కుర్రాడు వచ్చి నా పక్కన గొంతుక్కూర్చుంటాడు. నాకు తెలిసిన విషయాన్నే మొదటి నుంచీ, గొప్ప ఉత్సాహంతో, పూర్తిగా తప్పుగా వివరించడం మొదలుపెడతాడు. ఆపుదామనుకుంటాను. కానీ అంత సంతోషంగా తప్పు చెప్పేవాళ్లు ఇప్పుడు నాకెక్కడ దొరుకుతారు? చెప్పనిస్తాను.